గర్భసంచి ఆపరేషను, ఆ తరువాతి ఆరు వారములు

జగిత్యాలనుండి మెట్‌పల్లి మీదుగా నిజామాబాదుకు పోవు బాటలో కోరుట్ల కలదు. ఆ పట్టణమున ఏ వాడకట్టులోనికి పోయినను మధ్యాహ్నవేళ గడపలయందును, అరుగులమీదను స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టుచు కనబడుదురు. సిరిసిల్లలో మగవారు మరమగ్గముల కడ నిలిచియుండగా ఆడువారి చేతిలో ఈ చాటయే ఉండును. తునికియాకు కత్తిరించుట, తంబాకు పోయుట, చుట్టుట, దారము కట్టుట, ఈ పనులన్నియు చేతులు తమంతట తామే చేసికొనిపోవుచుండ నోటికి తీరిక దొరకును. మాటలు బియ్యపు ధరతో మొదలై, పెండ్లిండ్లమీదుగా సాగి, తుదకు ఒంటి బాధల యొద్దకు వచ్చి నిలుచును. "నడుములు గుంజుతున్నయక్కా, లేస్తె కూసుంట లేను, కూసుంటె లేస్త లేను" అని ఒక చెల్లెలు అనును. "నాకు తెల్లబట్ట తగ్గుతనే లేదు" అని మరియొకతె. అప్పుడు వారిలో పెద్దది ఒకమాట అనును: "పిల్లలైనరు గద బిడ్డా, ఇంక సంచితోని ఏం పని? తీయించుకో, పీడ వోతది."

మా ప్రసంగము ఈ చివరిమాటను గూర్చియే. గర్భసంచి తీయించుకొనుట ఎప్పుడు అవసరము, ఎప్పుడు అనవసరము, తీయించుకొన్న పిమ్మట ఆ స్త్రీ మరల ఆరోగ్యవంతురాలగుటకు తానేమి చేయవలెను, ఇంటివారేమి చేయవలెను అను సంగతులు నేడు చెప్పదలచినాము. ఇవి నలుగురిలో మాటలాడుకొను విషయములు కావని కొందరు తలచవచ్చును. మాటలాడుకొనకపోవుటచేతనే ఇంత దూరము వచ్చినదని మా అభిప్రాయము.

ఎంత దూరము వచ్చినదో తెలుపుటకు ఒకటి రెండు లెక్కలు చాలును. 2015-16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలను ఈ ఆపరేషనును గూర్చి అడిగినారు. దేశము మొత్తముమీద నూటికి సుమారు ముగ్గురు చేయించుకొన్నట్లు తేలినది. తెలంగాణములో ఆ సంఖ్య నూటికి దాదాపు ఎనమండుగురు. ఆంధ్రప్రదేశములో దాదాపు తొమ్మండుగురు. ఈ విషయమున దేశమునకెల్ల మొదటివారము మన తెలుగువారమే. చేయించుకొన్నవారిలో మూడింట రెండువంతులు ప్రైవేటు ఆసుపత్రులలో చేయించుకొన్నవారు. ఏ కారణమున అని అడిగినపుడు సగముకంటె ఎక్కువమంది చెప్పినది నెలసరిలో అధిక రక్తస్రావము, లేక నొప్పి. అస్సాము స్త్రీకి లేని రోగము మన స్త్రీకి ఎనిమిది, తొమ్మిది రెట్లు ఎక్కువగా వచ్చుటకు శరీరములలో భేదమేమియు లేదు గదా. భేదమంతయు అలవాటులో ఉన్నది, భయములో ఉన్నది, దొరకు వైద్యములో ఉన్నది.

ఇంతకును ఆ గర్భసంచి ఎంతటిది? గర్భము లేనపుడు అది జామకాయంత ఉండును. తూకము సుమారు అరువది గ్రాములు. ముందు మూత్రాశయము, వెనుక మలాశయము, నడుమ ఇది. దీని ఇరుప్రక్కల బాదంగింజలంతేసి అండాశయములు రెండు ఉండును. ఈ రెంటిని వేరుగా గుర్తుంచుకొనవలెను. దీని అవసరము ముందు కనబడును. నెలసరి వచ్చునది గర్భసంచినుండి. ఆ నెలసరిని నడిపించు రసములు, స్త్రీ ఎముకలకు బలమును, చర్మమునకు తేమను, గుండెకు కొంత రక్షణను ఇచ్చు రసములు పుట్టునది మాత్రము అండాశయములలో.

ఈ అవయవములన్నియు పొత్తికడుపు అడుగున ఉన్న ఒక కండరముల అల్లికమీద కూర్చుండి యున్నవి. మన ఇండ్లలోని నులకమంచమును తలచుకొనుడు. నులక బిగువుగా ఉన్నంతకాలము ఎవరు పండుకొన్నను మంచము మంచమువలెనే ఉండును. వదులైనచో నడుమ గుంటపడి క్రిందికి జారును. ఆ కండరములకును అంతే. పిన్నవయసులో కాన్పులు, వరుస కాన్పులు, గంటలకొద్ది సాగిన నొప్పులు, బాలింతగా ఉండగనే నీళ్లబిందెలు మోయుట, ఏండ్లతరబడి దగ్గు, మలబద్ధకము, ఇవన్నియు ఆ నులకను సడలించును. అప్పుడు గర్భసంచి క్రిందికి జారును. దగ్గినపుడు, తుమ్మినపుడు మూత్రము చుక్కలు పడును. ఇది తప్పు కాదు, సిగ్గుపడవలసినది అంతకన్న కాదు. అయినను ఇరువదియేండ్లు ఈ బాధను మోసియు మగనికి కూడ చెప్పని ఇల్లాండ్రు కలరు.

నడుమునొప్పి సంగతి ముందుగా తేల్చుకొందము, ఏలయన పొరపాటు ఎక్కువగా జరుగుచున్నది ఇచ్చటనే. దినమునకు ఎనిమిది, పది గంటలు నేలమీద మఠము వేసికొని, మెడ వంచి, ఒడిలోని చాటను చూచుచు కూర్చున్నవారికి నడుము నొప్పి రాకుండుట వింత. నాట్లు వేయువారికిని, పసుపు తవ్వువారికిని ఇదే గతి. ఆ నొప్పి వీపు కండరములది, వెన్నుపూసలది. గర్భసంచి తీసివేసినంత మాత్రమున అది పోదు. ఆపరేషనుకు ముందున్న నడుమునొప్పి తరువాతను అట్లే ఉండగా, "సూదిమందు ఇచ్చినకాడికెల్లి నొస్తున్నది" అని ఆ స్త్రీ వెన్నుకిచ్చిన మత్తును నిందించుచుండును. నిజమునకు ఆ నొప్పి పాతదే.

తెల్లబట్ట సంగతియు కొంతవరకు ఇట్టిదే. నెలలో కొన్ని దినములు తెల్లని తడి కనబడుట ఆరోగ్యవంతురాలికిని సహజము. దుర్వాసన, దురద, మంట, పచ్చనిరంగు ఉన్నచో అది అంటుదోషము. మాత్రలతో నయమగును. కొన్ని విధముల అంటుదోషములలో భర్తకును మందు ఇయ్యవలెను, లేనిచో మరల మరల వచ్చుచుండును. మన ప్రాంతమున ఇచ్చట ఒక చిక్కు కలదు. భర్త దుబాయిలోనో, మస్కటులోనో ఉండును; రెండేండ్ల కొకసారి వచ్చి రెండునెలలు ఉండి పోవును. ఆయన వచ్చినపుడు ఇరువురును కలిసి డాక్టరుకడకు పోవుట మేలు. దీనికి గర్భసంచితో పనిలేదు.

"అట్లే విడిచిపెట్టిన కేన్సరు అగును" అని చెప్పి భయపెట్టుదురు. గర్భాశయ ముఖద్వారమునకు కేన్సరు వచ్చుట నిజమే. అది మన స్త్రీలను పీడించు కేన్సర్లలో ముఖ్యమైనదే. కాని తెల్లబట్ట అయినవారందరికిని అది రాదు. వచ్చునో రాదో తెలిసికొనుటకు పరీక్షలు కలవు. ముఖద్వారమునుండి దూదిపుల్లతోనో చిన్న కుంచెతోనో కొంచెము స్రావము తీసి పరీక్షింతురు. లేక పలుచని ఆమ్లము పూసి కంటితో చూతురు. కత్తి లేదు, కుట్టు లేదు, కొన్ని నిమిషముల పని. అనుమానపు మచ్చ కనబడినను, అది కేన్సరు కాకమునుపే చలువతోనో వేడితోనో మాడ్చివేయవచ్చును. ఈ పరీక్ష చేయకయే గర్భసంచి తీసివేయుట, ఇంటిలో దొంగ ఉన్నాడేమో చూడకయే ఇల్లు కూల్చినట్లుండును.

ప్రాణహితకు ఆవల మహారాష్ట్రములోని గడ్చిరోలి జిల్లా మనకు పొరుగు. అందు సిరొంచ వైపున తెలుగు మాటలాడువారు ఎందరో కలరు. ఆ జిల్లాలో డాక్టరు రాణీ బంగ్, ఆమె భర్త డాక్టరు అభయ్ బంగ్ రెండు గ్రామములలో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో 'లాన్సెట్' అను వైద్యపత్రికలో ఆ వివరములు ప్రకటించినారు. నూటికి 92 మందిలో ఏదో ఒక స్త్రీవ్యాధి కనబడినది. అంతకుముందు ఎన్నడైనను డాక్టరుచే ఈ విషయమై పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఎనమండుగురే. ఆ పత్రము వెలువడినపుడు లోకము మొదటి సంఖ్యను చూచి ఆశ్చర్యపడినది. రెండవ సంఖ్యయే మరింత ఆలోచింపదగినదని మాకు తోచును. చిన్నదిగా ఉన్నపుడు ఎవరికిని చూపరు. పెద్దదైనపుడు చూపింతురు. అప్పుడు దొరకు జవాబు ఒక్కటే: తీసివేయుము.

ఇట్లన్నందుకు గర్భసంచి ఆపరేషనే చెడ్డదని శ్రోతలు తలపరాదు. అది ఎందరి ప్రాణములనో కాపాడినది. కేన్సరు తేలినచో జాగు చేయరాదు. గడ్డలు పెద్దవై రక్తస్రావము ఆగనపుడు, మందులు వాడియు గుణము కననపుడు, సంచి పూర్తిగా జారి బయటికి వచ్చినపుడు, కాన్పు సమయమున రక్తము కట్టనపుడు దానిని చేయింపక తప్పదు. కాని అధిక రక్తస్రావమునకు ముందు మెట్లు చాల ఉన్నవి. రక్తము తక్కువైనదా అని చూచి ఇనుపధాతువు మాత్రలు ఇచ్చుట, రక్తస్రావమును తగ్గించు మాత్రలు, హార్మోను మాత్రలు, గర్భసంచిలో అమర్చి అయిదేండ్లకు మించి పనిచేయు హార్మోను సాధనము, గడ్డను మాత్రము తీసి సంచిని నిలుపు ఆపరేషను. జారిన సంచిని నిలుపుటకు ఉంగరమువంటి మెత్తని చక్రము లోపల అమర్చుటయు కలదు. నలువదియైదు దాటినవారికి గడ్డలు చిన్నవైనచో, ముట్లుడిగిన పిమ్మట అవి తమంతట ముడుచుకొనిపోవును.

ఒకప్పుడు ఈ ఆపరేషను పేరు చెప్పిన వైద్యులే వణకెడివారు. 1843లో మాంచెస్టరు నగరమున ఛార్లెస్ క్లే అను వైద్యుడు కడుపు కోసి గర్భసంచి తీయగా రోగి జీవింపలేదు. 1853లో అమెరికాలోని మసాచుసెట్సులో వాల్టరు బర్న్‌హామ్ చేసినపుడు రోగి బ్రదికినది. ఆ తరువాత మత్తుమందు, క్రిమినాశకము, రక్తము ఎక్కించుట, ఇవన్నియు వచ్చి ప్రాణభయము తగ్గినది. అది విజ్ఞానము చేసిన మేలు. ఐతే భయము తగ్గినకొలది తొందరయు పెరిగినది. మహారాష్ట్రములోని బీడు జిల్లాలో చెరకు నరకు కూలి స్త్రీలు, నెలసరి దినములలో పని పోవునను భయముచే, పిన్నవయసుననే గర్భసంచి తీయించుకొన్న సంగతి 2019లో దేశమంతట చర్చకు వచ్చినది. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రములలో జరిగిన అనవసరపు ఆపరేషనులను గూర్చి 2013లో సుప్రీము కోర్టులో వ్యాజ్యము వేయబడినది. 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ నియమములు వెలువరించినది; జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిలలో ఈ ఆపరేషనులను కనిపెట్టియుండు సంఘములు ఏర్పడవలెనని అందు చెప్పినారు. 2023 ఏప్రిల్ 5వ తేదీన సుప్రీము కోర్టు తీర్పు చెప్పుచు, అన్ని రాష్ట్రములును మూడునెలలలో ఆ నియమములను స్వీకరింపవలెనని ఆదేశించినది.

చట్టము దూరమున ఉండును; డాక్టరుగారి గది దగ్గర. అచ్చట అడుగవలసిన మాటలు అడిగినచో సగము మేలు జరుగును. "అమ్మా, నా రోగము పేరేమి? మందులతో తగ్గదా? ఆపరేషను ఇప్పుడే కావలెనా, మూడునెలలు ఆగవచ్చునా? సంచి మాత్రమే తీయుదురా, అండాశయములు కూడ తీయుదురా?" ఇంత అడిగినంత మాత్రమున మంచి డాక్టరు ఎవరును కోపగింపరు. కోపగించినచో మరియొక డాక్టరును చూచుటకు అదియే కారణము. కరీంనగరము పెద్దాసుపత్రి కాని, జగిత్యాల ఆసుపత్రి కాని వేరొకరి అభిప్రాయము తీసికొనుటకు దూరములు కావు. దుబాయిలోని భర్త ఫోనులో "డాక్టరేమంటె అది చెయ్యిండ్రి, పైసలు పంపిస్త" అనుట ప్రేమతోనే కావచ్చును. పైసలు పంపుటకు ముందు ఈ నాలుగు ప్రశ్నలు ఆయనయు అడిగించిన ఎంతో బాగుండును.

ఇక ఆపరేషను జరిగినదనుకొందము. అవసరమై జరిగినను, కాకయే జరిగినను, ఇపుడు ఆ స్త్రీ కోలుకొనవలెను. కడుపు కోసి చేసినచో ఆరునుండి ఎనిమిది వారములు పట్టును. క్రిందినుండి గాని, చిన్నరంధ్రములద్వారా గాని చేసినచో కొంత తొందరగా తేరుకొందురు. బయటి కుట్టు పదిదినములలో మానినట్లు కనబడును. అందరిని మోసగించునది అదియే. లోపలి పొరల కుట్లు మానుటకు వారములు కావలెను. బయట ఎండిన గోడకు లోపల తడి ఉన్నట్లు.

మొదటి దినముననో మరునాడో లేచి నాలుగడుగులు నడువుమని నర్సు చెప్పును. అత్తగారు "పచ్చి ఒళ్లు, లేపకుండ్రి" అనును. ఈ ఒక్క విషయమున నర్సు మాటయే వినవలెను. కదలక పండుకొన్నచో కాళ్ల నరములలో రక్తము గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు పోయి ప్రాణాపాయము కలిగించవచ్చును. మంచముమీద ఉన్నపుడు పాదములను పైకి క్రిందికి ఆడించుచుండవలెను. దగ్గు వచ్చినపుడు పొట్టకు దిండు అదిమిపెట్టుకొనిన కుట్టు లాగదు. లేచునపుడు ముందు ప్రక్కకు ఒత్తిగిలి, చేయి ఊతముగా లేవవలెను.

ఇంటికి వచ్చిన తరువాత ముఖ్యమైన నియమము బరువు. ఆరువారములు నాలుగైదు కిలోలకు మించినది ఎత్తరాదు. నీళ్లు నిండిన బిందె పది, పదునైదు కిలోలుండును. తడిబట్టల బకెట్టు, గ్యాసు బండ, చంకబిడ్డ, బియ్యపు సంచి, ఇవన్నియు ఆ లెక్కలోనివే. ఎత్తరాదని చెప్పుట సులభము. ఎవరు ఎత్తవలెను అనునది ప్రశ్న. మగవాడు గల్ఫులో ఉన్న ఇంటిలో మరియు కష్టము. కావున తొందరలేని ఆపరేషనైనచో దాని దినమును ఇంటి సౌకర్యమును చూచి నిర్ణయించుకొనవలెను. నాట్లకాలములో, కోతలకాలములో పెట్టుకొనరాదు. తల్లిగారింటికి పోవుటయో, చెల్లెలిని రప్పించుకొనుటయో ముందే ఏర్పాటు కావలెను. కాన్పుకు పుట్టింటికి పంపుట మన ఆచారము. ఈ ఆపరేషనుకు అట్టి ఆచారము లేదు, పెట్టుకొన్న తప్పేమి? ఇంటిలోని పదునైదేండ్ల కొడుకు బిందె ఎత్తిన వాని మగతనమునకు లోటు రాదు.

బీడీల మాట వేరుగా చెప్పవలెను. చుట్టిన వేయికి ఇంత అను కూలిలో చుట్టని దినమునకు పైసలు లేవు. పదునైదవ దినముననే చాట ఒడిలోనికి వచ్చుటకు కారణము ఇదియే; ఆ తల్లిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. బీడీ బరువైనది కాదు. బాధించునది కూర్చుండు తీరు, కూర్చుండు కాలము. కాళ్లు మడచి గంటలకొద్ది కూర్చున్న కాళ్లలో రక్తపు నడక మందగించును, పొత్తికడుపుమీద ఒత్తిడి కలుగును. తంబాకు దుమ్ముకు దగ్గు వచ్చును; దగ్గు లోపలి కుట్లను కుదుపును. మానలేనివారు మొదటి మూడు, నాలుగు వారములు మాత్రమైన చాటకు దూరముగా ఉండుడు. తరువాత డాక్టరు సరేయన్నపుడు ఎత్తుపీటమీదనో, కుర్చీలోనో కూర్చుండి, వీపునకు ఆనిక పెట్టుకొని, ముక్కునకు బట్ట కట్టుకొని, అరగంట కొకసారి లేచి నడచుచు కొంచెము కొంచెము మొదలుపెట్టుడు. వేయి చుట్టుచేయి మూడువందలతో ఆగుట కష్టమే.

ఆహారమునందు మనవారి పథ్యము కఠినము. పప్పు చీము పట్టునందురు, పెరుగు జలుబు చేయునందురు, నీళ్లు ఎక్కువ తాగినచో పొట్ట పెరుగునందురు. కారము కలిపిన అన్నము రెండు ముద్దలు పెట్టి కూర్చుండబెట్టుదురు. గాయము మానుటకు మాంసకృత్తులు కావలెను: పప్పు, గుడ్డు, పాలు, చేప. రక్తమునకు ఆకుకూరలు, ఇనుపధాతువు మాత్రలు. మలబద్ధకము రాకుండుటకు పండ్లు, కూరగాయలు, చాలినన్ని నీళ్లు, మజ్జిగ. ముక్కి విరేచనమునకు పోవుట బిందె ఎత్తుటకు ఏమాత్రము తీసిపోదు.

కొన్ని వారములవరకు కొంచెము ఎఱ్ఱని లేక గోధుమరంగు తడి కనబడుట సహజము. కాని గుడ్డ వెంటవెంటనే తడిసిపోవునంత రక్తము, దుర్వాసన, జ్వరము, కుట్టు ఎఱ్ఱబడి చీము కారుట, ఒక కాలు పిక్క వాచి నొప్పిచేయుట, ఊపిరి ఆడకపోవుట, మూత్రము రాకపోవుట, లేక అడుపులేకుండ కారుచుండుట, వీనిలో ఏ ఒకటి కనబడినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. దాంపత్య సంబంధమునకు ఆరునుండి ఎనిమిది వారములు విరామము కావలెను. డాక్టరు చూచి మానినదని చెప్పిన పిమ్మట భయములేదు. సంచి పోయిన ఆడుది "ఆడుది కాదు" అను మాట ఎవరో పనిలేనివారు పుట్టించినది. గర్భము ధరింపదు, నెలసరి రాదు, అంతే. ఐనను కొందరికి ఏకారణము లేక ఏడ్పు వచ్చును, నిద్ర పట్టదు. దానిని వేషమని కొట్టివేయక ఇంటివారు దగ్గర కూర్చుండి మాటలాడవలెను. వారములకొద్ది తగ్గనిచో డాక్టరునకు చెప్పవలెను.

నులకమంచము మాట మరువరాదు. సంచి తీసివేసినను అల్లిక వదులైనచో మూత్రాశయమో, యోని పైభాగమో క్రిందికి జారవచ్చును. ఆ కండరములను బిగించుటకు ఒక వ్యాయామము కలదు. 1948లో ఆర్నాల్డ్ కీగెల్ అను అమెరికా వైద్యుడు దీనిని ప్రకటించినాడు. ఖర్చులేదు, చాటుకు పోనక్కరలేదు, చీరకట్టుతోనే చేయవచ్చును. మూత్రమును, అపానవాయువును ఒకేసారి ఆపుకొన్నట్లుగా లోపలి కండరములను పైకి బిగించుడు. ఊపిరి బిగబట్టరాదు, పిఱుదులు, తొడలు, పొట్ట కదలరాదు. అయిదు లెక్కించువరకు బిగించి, అయిదు లెక్కించువరకు వదలుడు. ఇట్లు పదిమార్లు, దినమునకు మూడుపూటలు. మూత్రపు గొట్టము తీసివేసి, నొప్పి తగ్గిన పిమ్మట డాక్టరు అనుమతితో మొదలుపెట్టవలెను. నిజముగా మూత్రము పోయుచు మధ్యలో ఆపి అభ్యాసము చేయుట మంచిది కాదు. గుణము కనబడుటకు మూడునెలలు పట్టును. ఆపరేషను కానివారికిని, కాన్పైన కోడండ్రకును, ముట్లుడిగిన అత్తలకును ఇది పనికివచ్చును. వాడకట్టులో నలుగురు కూర్చున్నచోట చాట చేతిలో ఉండగనే చేయవచ్చును. ప్రక్కవారికి తెలియను గూడ తెలియదు.

చివరకు అండాశయముల సంగతి. వానిని తీసిన మరునాటినుండియే ముట్లుడిగినట్లగును. ఏబదియేండ్లకు రావలసిన ముదిమి ముప్పదియైదేండ్లకే వచ్చును: ఒంటిలో ఆవిరులు, చెమటలు, కీళ్లనొప్పులు, యోనిలో పొడి, నానాటికి ఎముకలు గుల్లబారుట, గుండెజబ్బు భయము. వానిని తీయక నిలిపినను కొందరికి రెండు మూడేండ్లు ముందుగనే ముట్లుడుగును. నలువదియైదేండ్లకు ముందు రెండు అండాశయములును పోయినవారు, వేరు అభ్యంతరములు లేనిచో, సహజముగా ముట్లుడుగు వయసువరకు హార్మోను మందు వాడవలసియుండును. దానిని డాక్టరుతోనే మాటలాడవలెను. పాలు, రాగులు, నువ్వులు, ఎండ, నడక, ఇవి అందరికిని మంచివే.

"నీకు అండాశయములు తీసినారా?" అని అడిగిన, "ఏమో, సంచి తీసిండ్రు" అని చెప్పువారే ఎక్కువ. ఆసుపత్రినుండి వచ్చునపుడిచ్చు కాగితములో ఏమి తీసిరో, ఎందుకు తీసిరో, ముఖద్వారము ఉన్నదో పోయినదో వ్రాసియుండును. తీసిన భాగమును పరీక్షకు పంపిన రిపోర్టు కొన్ని దినముల తరువాత వచ్చును. దానిని అడిగి తెచ్చుకొనవలెను. ముఖద్వారము మిగిలియున్నచో కేన్సరు పరీక్ష ఇకమీదను చేయించుకొనుచుండవలెను. ఈ సంగతి ఆ కాగితము చూచినగాని తెలియదు. పట్టాపాసుబుక్కులు, బీడీ పి.ఎఫ్. కాగితములు దాచిన పెట్టెలోనే దీనిని కూడ దాచియుంచుడు. పదేండ్ల తరువాత ఎముక విరిగియో, నీరసపడియో ఏ డాక్టరు ఎదుట కూర్చున్నను, ఆయన మొదట అడుగునది ఆ కాగితమునే.